ఒక దేశపు సంఘమును వెలివేయవచ్చునా?

పదునాఱవ శతాబ్దమున రోమాపురి పెత్తనమును తోసిరాజని స్వతంత్రముగా నిలిచిన ఇంగ్లండు సంఘము, తరువాతి కాలమున ఆంగ్లేయుల వర్తకము వెంటను, పరిపాలన వెంటను, మిషనరీల వెంటను ఖండాంతరములకు వ్యాపించి, ఆయా దేశములందు వేళ్లు తన్ని, క్రమముగా ఆ దేశీయుల చేతికే పాలన సంక్రమింపగా, నేడు నలువదికి పైబడిన స్వతంత్ర సంఘముల కూటమిగా రూపొందియున్నది. ఈ కూటమికి పోపు లేడు. అందఱిని శాసింపగల న్యాయస్థానము లేదు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు సమానులలో ప్రథముడే కాని నైజీరియా సంఘమునకో కెనడా సంఘమునకో ఆజ్ఞ యీయగల అధికారి కాడు. ఈ సంఘములను కలిపి యుంచునది శాసనము చేయు కేంద్రాధికారము కాదనియు, బిషప్పులు కూడి చేయు ఆలోచనచే పోషింపబడు పరస్పర విశ్వాసబంధమే యనియు ఈ కూటమి బిషప్పులు కూడు లాంబెత్ మహాసభ 1930లో స్పష్టముగా ప్రకటించెను. ఇట్టి బంధము ఉదాత్తమైనదే. కాని అభిప్రాయభేదము తీవ్రమైన దినమున, తీర్పు చెప్పువాడును, ఆ తీర్పు నమలు జరుపువాడును లేనందున, కోపించిన పక్షమునకు ఒక్క ఆయుధమే మిగులును: ప్రభువు బల్లయొద్దనుండి తాము లేచిపోవుట, లేదా ఎదుటివారిని ఆ బల్లయొద్దకు పిలువకుండుట. ఈ ఆయుధమును ఒక వ్యక్తిపై గాక ఒక దేశపు సంఘముపై ప్రయోగించుట క్రైస్తవ ధర్మమునకు ఒప్పునా? ఒప్పదని నా నిశ్చయము. నా కారణములలో సగము చరిత్రనుండి వచ్చినవి. అందులో కొంత మన తెలుగుదేశపు చరిత్ర.

లాంబెత్ మహాసభ పుట్టుకకే ఒక బహిష్కారము కారణము. దక్షిణాఫ్రికాలోని నేటాలు బిషప్పు జాన్ విలియం కొలెన్సో గణితశాస్త్రమున దిట్ట. ఆయన జూలూ భాష నేర్చి బైబిలును ఆ భాషలోనికి తెచ్చుచుండగా, సహాయకుడైన విలియం న్గిడి యను జూలూ దేశీయుడు జలప్రళయ వృత్తాంతము నిజముగా జరిగినదేనా యని సూటిగా అడిగెను. ఆ ప్రశ్నకు మనస్సాక్షి సమ్మతించు ఉత్తరము వెదకుచు కొలెన్సో 1862 మొదలుకొని ప్రకటించిన గ్రంథము, మోషే పేర చెల్లు పంచకాండములలోని సంఖ్యలను, కొలతలను లెక్కగట్టి, అవి యథార్థచరిత్రగా నిలువజాలవని వాదించెను. కేప్ టౌను బిషప్పు రాబర్ట్ గ్రే 1863లో ఆయనను విచారించి పదవినుండి తొలగించెను; అట్లు తొలగించు అధికారము గ్రేకు లేదని లండనులోని ప్రివీ కౌన్సిలు 1865లో తీర్పు చెప్పెను. ఈ చిక్కును చూచి కలవరపడిన కెనడా బిషప్పులు కోరగా ఆర్చిబిషప్పు లాంగ్లీ 1867లో మొదటి సభను పిలిచెను. వచ్చిన బిషప్పులు 76 మంది. యార్కు ఆర్చిబిషప్పు రానే లేదు; వెస్ట్‌మినిస్టరు డీను స్టాన్లీ ముగింపు ఆరాధనకు తన ఆలయము నీయ నిరాకరించెను. నేటాలులో మాత్రము కొలెన్సోకు పోటీగా మఱియొక బిషప్పు 1869లో నియమింపబడగా, ఒకే ప్రార్థనాగ్రంథమును పఠించు ప్రజలు రెండు పక్షములై చీలిరి. కొలెన్సో 1883లో మరణించువఱకు తన స్థానమును వీడలేదు. జూలూ రాజు కెచ్వాయోకు జరిగిన అన్యాయమును ఖండించుచు ఆంగ్ల ప్రభుత్వమునకే ఎదురు నిలిచెను.

ఈ కొలెన్సోయే మఱియొక మాట చెప్పియుండెను. పలువురు భార్యలు గల పురుషుడు క్రీస్తును నమ్మి వచ్చినపుడు, వారిలో ఒకతెను తప్ప తక్కినవారిని వీధిపాలు చేసినగాని బాప్తిస్మము లేదనుట ఆ స్త్రీలకును వారి బిడ్డలకును ద్రోహమని ఆయన వాదము. 1888 లాంబెత్ సభ అట్టి పురుషునికి బాప్తిస్మ మీయరాదని తీర్మానించెను. 1988 సభ, ఇకమీదట మఱియొక వివాహము చేసికొననని మాట యిచ్చినవానిని, విశ్వాసులైన భార్యాబిడ్డలతో కూడ చేర్చుకొనవచ్చునని తీర్మానించెను. రెండింటి నడుమ సరిగా నూఱేండ్లు. నేడు ఆఫ్రికా బిషప్పులు పాశ్చాత్యుల నుద్దేశించి కఠినముగా మాటలాడునపుడు ఈ నూఱేండ్లను మఱచి వారిని నిందించుట న్యాయము కాదు. మా తాతలకు వివాహవిషయమున ఒక్క సడలింపైనను చూపని మీరు, మీ యింట ఆ నియమమునే ఏల సడలించుచున్నారని వారు అడుగుచున్నారు. ఆ ప్రశ్నకు పాశ్చాత్య సంఘములు ఇంతవఱకు తగిన సమాధానము చెప్పినట్లు నాకు తోచదు.

ఇక మన ప్రాంతపు కథ. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కథీడ్రలులో అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘమున బిషప్పు పదవి నధిష్ఠించిన తొలి భారతీయుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి తమిళుడు. ఆయన పీఠము నిజాము రాజ్యములోని దోర్నకల్. ఆయన మందలో అధికసంఖ్యాకులు మాలలు, మాదిగలు. ఊరివారిచే అంటరానివారుగా ఎంచబడుచు, తమలో తాము సైతము ఎడము పాటించు ఆ రెండు కులములవారు మోకరించి ఒకే గిన్నెనుండి సంస్కారము పుచ్చుకొనుట ఆ పల్లెలలో సామాన్యమైన మార్పు కాదు. అట్టి మార్పునకై పాటుపడు మనుష్యునికి, ఒక మిషనువారు మఱియొక మిషనువారితో కలిసి బల్లయొద్దకు రాకుండుట సహింపరానిదయ్యెను. 1919లో తరంగంబాడి సమావేశము మొదలుకొని ఆయన ఐక్యతకై కృషి చేసెను. పాశ్చాత్యులకు సంఘభేదములు బలహీనత మాత్రమే యైనను క్రైస్తవులు కొద్దిమందిగా నున్న దేశములలో అవి పాపమే యని 1927లో లోజాను మహాసభ యెదుట పలికెను. 1945 జనవరి 1న ఆయన కన్నుమూసెను. ఆ నెలలోనే ఇండియా, బర్మా, సింహళముల ఆంగ్లికన్ మహాసభ ఐక్యతా ప్రణాళికకు సమ్మతి తెలిపెను.

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రలులో దక్షిణ ఇండియా సంఘము అవతరించెను. నాలుగు ఆంగ్లికన్ మేత్రాసనములు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులును కాంగ్రిగేషనలువారును లోగడ కలిసి ఏర్పఱచుకొనిన దక్షిణ ఇండియా ఐక్య సంఘము, ఇవి యన్నియు ఒక్కటయ్యెను. చిక్కు ఒకచోట నుండెను. అపొస్తలుల కాలమునుండి బిషప్పుల చేతులమీదుగా వచ్చు అభిషేకపరంపర లేనిదే గురుత్వము సంపూర్ణము కాదని ఆంగ్లికనులలో పెక్కుమంది నమ్మకము. ఐక్యములో చేరిన మెథడిస్టు, ప్రెస్బిటేరియను గురువులకు ఆ అభిషేకము లేదు. వారికి మరల అభిషేకము చేయుట వారి పూర్వసేవను అవమానించుటయే యగును. కనుక దక్షిణ ఇండియావారు ఒక యేర్పాటు చేసికొనిరి: ఇకమీదట ప్రతి అభిషేకమును బిషప్పులే చేయుదురు, ఉన్న గురువులు ఉన్నట్లే కొనసాగుదురు, ఏ సంఘస్థుల మనస్సాక్షికైనను విరుద్ధముగా వారిపై ఏ గురువును మోపరాదు, ముప్పది యేండ్లు గడచిన పిమ్మట మిగిలిన విషయమును ఆలోచింతురు. సిద్ధాంతమున లోటున్నదని ఎఱిగియే, ఆ లోటుతోనే ముప్పదియేండ్లు ఒక్క యింట బ్రదుకుటకు వారు సిద్ధపడిరి. ఆంగ్లికన్ చరిత్రలో ఇంతకంటె వివేకవంతమైన నిర్ణయమును నేనెఱుగను.

ఇంగ్లండునుండి వచ్చిన ప్రతిస్పందము వేఱు. మహాకవి టి. ఎస్. ఎలియట్ అంతటివాడు 1943లోనే ఈ ప్రణాళికను ఖండించుచు ఒక చిన్న పుస్తకము వ్రాసియుండెను. ఇట్టి ఐక్యము సంఘమునకు వినాశమేయని ఆయన భయము. ఐక్యమైన మఱుక్షణమున ఆ నాలుగు మేత్రాసనములు ఆంగ్లికన్ కూటమిలో భాగముగా నుండుట మానెను. 1948 లాంబెత్ సభ కొత్త సంఘపు అభిషేకముల విషయమున ఏకాభిప్రాయమునకు రాజాలక, గురువులను తరగతులుగా విభజించి చూడవలసి వచ్చెను: పూర్వము బిషప్పుచే అభిషిక్తుడైనవాడు ఒక తరగతి, కానివాడు వేఱొక తరగతి, 1947 తరువాత అభిషిక్తుడైనవాడు తేలని తరగతి. ఆ తేలనివారి అభిషేకము చెల్లునని ఇంగ్లండు సంఘపు సభలు ఒప్పుకొనుటకు 1955 వచ్చెను. లాంబెత్ సభలో ఐక్యసంఘముల బిషప్పులు పూర్ణసభ్యులై కూర్చుండుటకు 1988 వచ్చెను. నలువది యేండ్లకు పైగా, ఆంగ్లికన్ కూటమికి తొలి భారతీయ బిషప్పు నిచ్చిన దోర్నకల్ ఆ కూటమికి వెలుపల నిలిచెను. దోర్నకల్ పల్లెలో పొలము పనికి పోయివచ్చి ఆదివారమున బల్లయొద్ద మోకరించు మాదిగ స్త్రీ చేసిన అపరాధమేమి? ఆమెకు కాంటర్‌బరీతో వైరము లేదు; అభిషేకపరంపరను గూర్చిన వాదములో ఆమె నెవరును అడిగినది లేదు.

ఆ అభిషేకపరంపర వాదము మన పల్లెలను సైతము చీల్చెను. కర్నూలు సీమలోని నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో పెక్కుమంది ఐక్యములో చేరక కలకత్తా మెట్రోపాలిటను పాలనలోనే ఉండిపోయిరి. ఉత్తర భారత సంఘము 1970లో ఏర్పడి పాత ఆంగ్లికన్ సంఘము దానిలో లీనమైన పిమ్మట, ఆ దశకముననే వారును దక్షిణ ఇండియా సంఘమున చేరిరి. ఒకే భాష, ఒకే కీర్తనలు గల ఇరుగుపొరుగువారు పాతికేండ్లకు పైగా వేఱువేఱు పాలనల క్రింద నుండిరి. నంద్యాలవారి నిష్ఠను నేను తక్కువ చేయను. తమకు నేర్పినదానిని వారు విడువలేదు. అయినను ఆ కాలము వ్యర్థముగా గడచినదనియే నా యభిప్రాయము.

నేటి కలహము వివాహమును గూర్చినది. ఒకే లింగమునకు చెందినవారి దాంపత్యమును సంఘము ఆశీర్వదింపరాదని 1998 లాంబెత్ సభ తీర్మానించెను. 2003లో అమెరికా సంఘము, పురుషునితో సహజీవనము చేయుచున్న జీన్ రాబిన్సనును న్యూహాంప్‌షైరు బిషప్పుగా అభిషేకించెను. నాటినుండి వరుసగా బహిష్కారములే. 2007లో దారెస్సలాములో ఏడుగురు ప్రధాన బిషప్పులు అమెరికా ప్రధాన బిషప్పుతో కలిసి సంస్కారము పుచ్చుకొనలేదు. 2008లో రాబిన్సనుకు లాంబెత్ ఆహ్వానము రాలేదు; రెండువందలకు పైగా బిషప్పులు తామే రాక మానిరి, వారిలో పలువురు యెరూషలేములో వేఱుసభ కూడిరి. 2016లో అమెరికా సంఘమును మూడేండ్లపాటు కొన్ని బాధ్యతలనుండి తప్పించిరి. 2022లో నైజీరియా, ఉగాండా, ర్వాండా బిషప్పులు లాంబెత్‌కు రాలేదు. వచ్చినవారిలోను కొందఱు బల్లయొద్దకు రాలేదు. 2023లో ఇంగ్లండు సంఘము ఆశీర్వచన ప్రార్థనలకు అనుమతి తలపెట్టగా, కాంటర్‌బరీ ఆర్చిబిషప్పును ఇక తమ పెద్దగా ఎంచజాలమని దక్షిణదేశముల ప్రధాన బిషప్పులు పలువురు ప్రకటించిరి.

బహిష్కరించువారి పక్షమును తేలికగా చూడరాదు. రాజు మ్వాంగా కోరికలకు లొంగక 1886లో నముగొంగోలో అగ్నికి ఆహుతియైన యువకులను స్మరించుకొను ఉగాండా సంఘమునకు ఈ విషయము పుస్తకములలోని చర్చ కాదు. పైగా సత్యమునకు ఎల్లలు కలవనియు, ఎల్లలే లేనిచో సంఘమే లేదనియు వారనునది నిజము. పౌలు సహితము కొరింథులోని ఒక దుర్నడతవానితో భోజనము చేయరాదని ఆజ్ఞాపించెను గదా యని వారు అడుగుదురు.

ఆ కొరింథు వృత్తాంతమునే కొంచెము నిలిచి చూడవలెను. అచ్చట వెలి యయినవాడు ఒక్క మనుష్యుడు. వెలివేసినవారు వాని ముఖమెఱిగిన సంఘస్థులు. ఉద్దేశము వాడు మారుట. మన పల్లెలలో కులపెద్దలు వేసిన వెలియైనను ఒక యింటిమీదనే పడెడిది, తప్పు కట్టినచో తొలగెడిది. దేశమునకు దేశము వెలియైనపుడు తప్పు కట్టువాడెవడు? అమెరికా సంఘములో రాబిన్సను అభిషేకమును వ్యతిరేకించినవారు అనేకులు. ఆఫ్రికా సంఘములలో తమ బిషప్పుల కఠినోక్తులకు నొచ్చుకొనువారును, భయముచే మౌనము వహించువారును ఉందురు. దేశపు సంఘముపై వేటు వేసినచో ఆ వేటు వీరందఱిపైనను పడును, ఎవరును పశ్చాత్తాపపడుటకు వీలు మాత్రము ఉండదు. ఆంగ్లికనుల ముప్పదితొమ్మిది మతసూత్రములలో ఇరువదియాఱవది, సేవకుని అయోగ్యత సంస్కారపు ఫలమును చెఱుపజాలదని బోధించుచున్నది. వడ్డించువాని పాపమే ఆ ఫలమును చెఱుపనపుడు, ప్రక్కన మోకరించినవాని పాపము చెఱుపునా? అంతియొకయలో అన్యజనులతో భోజనము చేయుచున్న పేతురు, యాకోబు యొద్దనుండి వచ్చినవారిని చూచి బల్లనుండి లేచిపోయినపుడు, ఆయనను అందఱి యెదుట గద్దించినవాడును ఆ పౌలే.

వాదము మానవలెనని నేననను. వాదింపవలెను, తప్పని తోచినదానిని తప్పనవలెను, సభలలో ఓడినను మరల లేవనెత్తవలెను. అవసరమైనచో ఒకరి గురువులను ఒకరు తమ పీఠములకు పిలువకుండవచ్చును. దక్షిణ ఇండియావారు సహితము ఇష్టము లేని సంఘస్థులపై గురువును మోపలేదు. కాని బల్లను ముట్టరాదు.

దక్షిణ ఇండియా సంఘపు బిషప్పులు నేడు ఈ సభలలో పూర్ణసభ్యులు. దోర్నకల్, కృష్ణా-గోదావరి, నంద్యాల, రాయలసీమ, మెదక్, కరీంనగరు మేత్రాసనముల తెలుగు బిషప్పులు వారిలో నున్నారు. వివాహమును గూర్చి వారికి ఏ సిద్ధాంతమున్నదో దానిని దాచకుండ చెప్పుదురు గాక. అయితే ఏ దేశపు సంఘమునైనను బల్లనుండి తొలగింపవలెనను ప్రతిపాదన వచ్చిన దినమున, అది అమెరికాపై వచ్చినను, నైజీరియాపై వచ్చినను, వారు లేచి తమ సంఘము 1947 మొదలు 1988 వఱకు ఎక్కడ నిలిచియుండెనో సభకు చెప్పి, ఆ ప్రతిపాదనకు వ్యతిరేకముగా ఓటు వేయవలెనని నా విన్నపము.