ఒడ్డున బడిన సొత్తు

ఓరుగల్లు నుండి మోటారులో ఖమ్మము, విజయవాడ, చీరాల మీదుగా మోటుపల్లికి బోయితిమి. నేడది ఇసుకతిన్నెల చెంత నున్న పల్లె; ఓరుగంటి కాకతీయుల నాడు గొప్ప రేవు. అచటి వీరభద్రాలయమున 1244-45 నాటి గణపతిదేవుని యభయశాసన మున్నది. గాలివానకు జిక్కి తీరమున బడిన యోడల సరకును పూర్వరాజులు బలిమిని గైకొనుచుండిరట. ధనము ప్రాణముకంటె బ్రియమైనదని తలచి, సుంకము దక్క నంతయు విడిచితినని యాతడు వ్రాయించెను. ఇందు దయతోపాటు లాభమును గలదు. వర్తకులు జడియు రేవున సుంక మెక్కడిది? అయినను, చేయి చాపిన జిక్కు సొత్తును వలదనుట స్వల్పము గాదు.

ఆ తిన్నెలపై నిలిచినప్పుడు మాకు దోచిన ప్రశ్న యిది: ఎవరిదియు గానట్లు కనబడు దానిపై బలవంతునికి హక్కు గలదా? దిబ్బను గాలి రేణువు రేణువుగా జేర్చినది. గడ్డియు, ప్రాకుడు తీగలును వేళ్లతో బట్టియుంచినవి. ఉప్పెన మొదట దానినే తాకును. వెనుకనున్న గుడిసెలకు నదియే కాపు. 1977 నవంబరు 19 నాటి తుపానును చవిచూచిన బాపట్ల, దివిసీమల వారికి దీనిని వివరింప నక్కరలేదు. వినోదార్థము దిబ్బల రూపు మార్చరాదని 1991 నుండి తీరనిబంధన లున్నవి. కాని బండిచక్రము క్రింద నలిగిన తీగను ఏ యధికారి చూచును? ఇసుకను బస్తాల కెత్తువాడు కూలికై యెత్తును. విహారమునకు వచ్చు మనకు ఆ సాకును లేదు.

దిబ్బపై నుండి జారుట యేమి తప్పని మాతో వచ్చిన పిల్ల లడిగిరి. అడుగుజాడలను గాలి యొక్క రాత్రిలో బూడ్చునని వారి వాదము. అది నిజమే, వేళ్లు తెగినచోట మాత్రము ఆ గాలియే దిబ్బను మోసికొని పోవును.