బందూకు ఎవరిది?

సిరొంచ నుంచి వచ్చే రోడ్డు ఆష్టి దగ్గర వైనగంగను దాటి గోండ్‌పిప్రి, బల్లార్షా వైపు పోతుంది. సెలవు ముగించుకుని బల్లార్షాలో రైలెక్కడానికి బయలుదేరిన ఒక సిపాయి, ఆష్టిలో మేనమామ ఇంట్లో ఒక పూట ఆగాడు. మామ చరిత్ర చెప్పి రిటైరైన మాస్టారు. వాళ్లిద్దరి మధ్య నడిచిన మాట ఇది.

అల్లుడు: మామా, నాకొక సందేహం. ఓట్లతో గెలిచినోడే మెల్లమెల్లగ పత్రికల నోరు మూస్తడు, జడ్జీలను మారుస్తడు, ఎదురు మాట్లాడినోళ్లను జైల్ల పెడ్తడు. అసొంటోన్ని దించే బలం ఫౌజుకు తప్ప ఎవరికున్నది? బలం ఉండి ఊకుంటే అది పాపం కాదా?

మామ: నీ ప్రశ్నకు టర్కీల ఒక జవాబు దొరికింది. 2016 జూలై 15 రాత్రి సైన్యంల ఒక వర్గం ఇస్తాంబుల్ వంతెన మీద ట్యాంకులు పెట్టింది, అంకారాల పార్లమెంటు మీద బాంబులేసింది. అధ్యక్షుడు ఎర్దోగాన్‌ను దించుతమన్నరు. తెల్లారేసరికి ఓడిపోయిన్రు. దాదాపు రెండు వందల యాభై మంది పానాలు పోయినయి. ఆయనను గట్టిగ వ్యతిరేకించే పార్టీలు కూడ ఆ రాత్రి తిరుగుబాటు వద్దనే అన్నయి. తర్వాత రెండేండ్లు అత్యవసర పరిస్థితి. లక్ష మందికి పైగ ఉద్యోగాలు ఊడినయి. 2017ల రెఫరెండం పెట్టి అధికారమంతా ఒక్క కుర్చీలకు తెచ్చుకున్నడు. ఏ నిరంకుశత్వాన్ని ఆపుతమని లేచిన్రో, దానికే బలం పోసిన్రు.

అల్లుడు: అది ఓడిపోయిన కథ. గెలిచిన కథ కూడ ఉన్నది కద. పోర్చుగల్‌ల 1974 ఏప్రిల్ 25న సైనికులే నియంతృత్వాన్ని కూలగొట్టిన్రు. సరిగ్గ ఏడాదికి ఎన్నికలు పెట్టిన్రు.

మామ: నిజమే. ఆ సైనికులకు దండం పెట్టాలె. అయితే వాళ్లు కూలగొట్టిన పాలన ఎట్ల మొదలైంది? 1926ల సైన్యం చేసిన తిరుగుబాటుతోనే. ఒక రాత్రి చేసిన పనిని సరిదిద్దుకోవడానికి ఆ దేశానికి నలభై ఎనిమిదేండ్లు పట్టింది. మన తెలుగోళ్లు చూసిన కథలు చెప్త విను. కోరంగి రేవు నుంచి, విశాఖ నుంచి వేలమంది బర్మాల రంగూన్ పోయి బతికిన్రు. 1962 మార్చి 2న జనరల్ నే విన్ దేశాన్ని కాపాడుతనని గద్దె ఎక్కిండు. రెండేండ్లల్ల దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేసిండు. లక్షల మంది భారతీయులు కట్టుబట్టలతో ఓడలెక్కిన్రు. విశాఖల బర్మా కాందిశీకుల కాలనీలు అట్ల పుట్టినయే. చాలా పార్టీలు పోటీ పడిన ఎన్నిక అక్కడ మళ్ల 1990లనే జరిగింది. దాని ఫలితాన్ని సుత సైన్యం ఒప్పుకోలే.

అల్లుడు: ఫిజీల కూడ మనోళ్లున్నరు కద.

మామ: ఉన్నరు. చెరుకు తోటల కూలికి పోయి, 1941ల దక్షిణ భారత ఆంధ్ర సంఘం పెట్టుకుని బడులు నడిపినోళ్లు. 1987 మే 14న కర్నల్ రబూకా సైనికులు నడుస్తున్న పార్లమెంటులకే చొరబడి, గెలిచి నెల రోజులే అయిన ప్రభుత్వాన్ని పట్టుకుపోయిన్రు. ఆ దెబ్బకు ఎందరో భారత సంతతోళ్లు దేశం వదిలిన్రు. 2006ల సైన్యాధిపతి బైనిమరామా వచ్చి, అవినీతిని ఊడుస్తనన్నడు. ఎన్నిక పెట్టడానికి ఎనిమిదేండ్లు తీసుకున్నడు, పెట్టినంక సుత తనే ప్రధానిగ ఉన్నడు. ఒక్కసారి గద్దె రుచి మరిగిన ఫౌజు మళ్ల మళ్ల వస్తది.

అల్లుడు: అట్లయితే మన బాబూరావు శెడ్మాకే చేసింది తప్పా? 1858ల ఈ అడవులల్లనే కంపెనీ మీద ఆయుధం పట్టిండు. చాందా జైల్ల ఉరికంబం ఎక్కిండు. ఆయన పేరు చెప్పి మనం మొక్కుతున్నం.

మామ: తప్పు కాదు. ఆ రాజ్యంల ఆయనకు ఓటు లేదు, గెలిచే కోర్టు లేదు, దించే తొవ్వ లేదు. పరాయి కంపెనీకి ఆయన ఏ ప్రమాణమూ చెయ్యలే. ఆయన పట్టిన ఆయుధం జనం నమ్మి అప్పజెప్పింది కాదు, తన మనుషులతో తను కూడగట్టుకున్నది. నీ చేతిల ఉన్న రైఫిల్ సంగతి వేరు. దాన్ని ఈ ఊళ్ల తునికాకు కోసే ఆడమనిషి కొన్న సామాను మీది పన్ను కూడ కలిసి కొన్నది. నువ్వు ప్రమాణం చేసింది దేని మీద?

అల్లుడు: రాజ్యాంగం మీద. అందుకే అడుగుతున్న. పాలకుడే రాజ్యాంగాన్ని తొక్కితే, వాణ్ని దించుడే నా ప్రమాణం నిలబెట్టుకునుడు కాదా?

మామ: తొక్కిండని తేల్చేదెవరు? తేల్చినోడు తప్పు తేలిస్తే వాణ్ని అడిగేదెవరు? నే విన్ కూడ దేశం కోసమే అన్నడు, రబూకా కూడ అదే అన్నడు. కంచే చేను మేసుడు మొదలువెడ్తే ఆపే మనిషి ఉండడు. రాజ్యాంగానికి కట్టుబడి ఉంటనన్నవు, దానికి యజమానిని అవుతనని అనలే.

అల్లుడు: మరి నేనేం చెయ్యాలె? జనం మీద కాల్చమంటే కాల్చాలెనా?

మామ: కాల్చొద్దు. ఇక్కడనే నీ ధర్మం ఉన్నది. 1930 ఏప్రిల్ 23న పెషావర్‌ల నిరాయుధుల మీద కాల్చమంటే చంద్రసింగ్ గఢ్వాలీ, ఆయన తోటి సిపాయిలు ‘కాల్చం’ అన్నరు. కోర్టుమార్షల్‌కు నిలబడ్డరు, ఏండ్లకేండ్లు జైలు అనుభవించిన్రు. గద్దె మీదికి పోలే. 1950 సైనిక చట్టం 41వ సెక్షన్ చూడు. చట్టబద్ధమైన ఆజ్ఞను ధిక్కరిస్తేనే నేరం అన్నది. చట్టం కాని ఆజ్ఞకు చెయ్యి లేపకుండుడు ఒకటి, అధికారాన్ని గుంజుకునుడు ఇంకొకటి. మొదటిదాంట్ల నీ పానమే పణం. రెండోదాంట్ల దేశమంతా పణం.

అల్లుడు: మామా, ఒక్కటి అడుగుత. ఎమర్జెన్సీ ఓటుతోనే పోయిందంటరు. ప్రాణహిత అవతల అప్పటి ఆదిలాబాద్ జిల్లా నక్సలైట్ రైతులు భూమయ్యను, కిష్టాగౌడ్‌ను 1975 డిసెంబర్ 1న ఉరితీసిన్రు. 1977 ఓటు వాళ్లను తిరిగి తెచ్చిందా?

మామ: తేలే. ఓపిక పట్టే వెల ఎప్పుడూ పేదోడే కడ్తడు, ఆ మాట దాచొద్దు. అయితే ఆ ఆలస్యం ఎవరిది? 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టుల ఐదుగురు జడ్జీలల్ల నలుగురు, కారణం లేకుండ జైల్ల పెట్టినా కోర్టుకు పోయే హక్కు లేదన్నరు. కాదన్నది ఖన్నా ఒక్కడే. 1977ల ఉత్తరాది ఇందిరమ్మను ఓడగొట్టింది, రాయ్‌బరేలీల ఆమెనే ఓడింది. మన ఆంధ్రప్రదేశ్ నలభై రెండు సీట్లల్ల నలభై ఒకటి ఆమె పార్టీకే ఇచ్చింది. నంద్యాలల నీలం సంజీవరెడ్డి ఒక్కడే అవతల గెలిచిండు. ఆ లెక్క తెలుగోళ్లం గుర్తుంచుకోవాలె. కోర్టు, పత్రిక, ఓటరు చెయ్యని పనిని సిపాయి మీద రుద్దొద్దు. గెలిచినోళ్లు 44వ సవరణ తెచ్చిన్రు. ఎమర్జెన్సీలనైనా బతికే హక్కును నిలిపెయ్యరాదని రాసిన్రు. ఏ ట్యాంకూ అసొంటి వాక్యం రాయలే.

అల్లుడు మారుమాట అనలేదు. ఒప్పుకున్నాడని కాదు. భూమయ్య, కిష్టాగౌడ్‌ల ప్రశ్నకు పూర్తి జవాబు ఎవరి దగ్గరా లేదు. అయినా మామ గీసిన గీత సరైనదని నా నమ్మకం. పాలకుడు హద్దు దాటినప్పుడు సైన్యం ఎక్కడుందని వెతకడం, మన పనిని వాళ్ల నెత్తిన పెట్టడమే. మొదటి పత్రికకు తాళం పడిననాడే పాఠకుడు అడగాలి, మొదటి అక్రమ అరెస్టు నాడే వకీలు కోర్టు మెట్లెక్కాలి, కులం, డబ్బు చూడకుండా ఓటరు తీర్పు చెప్పాలి. మనం అంత దూరం వస్తే, సిపాయిని మనం అడగాల్సింది ఒక్కటే మిగులుతుంది: మా మీద కాల్చకు, మా గద్దె ఎక్కకు.