గాయపడిన గుండెకు ధైర్యము

చదువుము: 1 రాజులు 19:1–8

గుండెపోటు నుండి తప్పించుకొన్న సహోదరుడొకడు వాకిలి దాటుటకు వెరచును. “నడచినచో నా గుండె ఆగిపోవును, ఇది నా పాపమునకు శిక్ష” అని దిగులుతో మంచము విడువడు. వైద్యులెరిగిన సంగతి వేరు. గాయపడిన గుండెకండరము సుమారు 6 నుండి 8 వారములలో గట్టి మచ్చగా మానును. వారి సలహాపై క్రమముగా నడచుట గుండెకు బలమే.

బదరీవృక్షము క్రింద చావుగోరిన ఏలీయాను దేవుడు గద్దింపలేదు, శిక్షింపలేదు. దూతచేత రొట్టెయు నీళ్లును పంపెను, మరల నిద్రపోనిచ్చెను, పిమ్మట ప్రయాణమునకు లేపెను.

ప్రియ చదువరీ, నీ భయమును దేవునితోను వైద్యునితోను దాచక చెప్పుము. వైద్యుడు అనుమతించినన్ని అడుగులు నేడే వేయుము.

ప్రార్థన: తండ్రీ, మందులతోకూడ ధైర్యమును మాకు దయచేయుము. ఆమేన్.