చెల్లుచీటీ

నేలకొండపల్లి గోపన్న కథ ఖమ్మం జిల్లాలో చిన్నపిల్లలకూ తెలుసు. పాల్వంచ తహశీల్దారుగా వసూలు చేసిన శిస్తు సొమ్ముతో భద్రాద్రి రామయ్యకు గుడి కట్టించాడు. గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గాడు. చివరికి ఒక రాత్రి రామలక్ష్మణులే ఇద్దరు యువకులుగా వచ్చి, గోల్కొండ నవాబు తానీషా ముందు ఆరు లక్షల మాడలు కుమ్మరించి రసీదు రాయించుకుని వెళ్లారంటారు. ఈ ఘట్టం విన్నవాళ్లకు కళ్లు చెమరుస్తాయి. నా చూపు మాత్రం ఎప్పుడూ ఆ రసీదు దగ్గరే ఆగుతుంది. రాముడంతటివాడు తలుచుకుంటే సంకెళ్లు వాటంతటవే తెగిపడవా? తెగిపడేవే. కానీ ఈ కథ చెప్పుకున్న జనానికి అది నచ్చలేదు. బాకీ బాకీయే. చిల్లిగవ్వతో సహా కట్టి, చెల్లుచీటీ చేతబట్టుకున్నాకే భక్తుణ్ణి విడిపించారు.

రెండు విశ్వాసాలూ ఒకటేనని నేననడం లేదు. కానీ సిలువ సంగతి తెలుగువాడికి చెప్పాల్సి వస్తే ఇంతకన్నా దగ్గరి దారి నాకు కనబడలేదు. దేవుడు దయగలవాడైతే పాపిని ఊరికే వదిలేయాలి, న్యాయవంతుడైతే వదలకూడదు. మరి రెండూ ఎలా పొసగుతాయి? పౌలు కొలస్సయులకు రాసిన లేఖలో దీనికి జవాబు అచ్చంగా అప్పుల భాషలోనే ఉంది: మనమీద ఉన్న రుణపత్రాన్ని దేవుడు సిలువకు మేకులతో కొట్టేశాడు. అది చించి పారేసిన కాగితం కాదు, చెల్లు పడిన కాగితం.

ఇదే సంగతిని మోషే కాలపు ప్రత్యక్ష గుడారంలో కళ్లకు కట్టినట్టు చూడొచ్చు. లోపలి గదిలో ఒక పెట్టె. తుమ్మకర్రతో చేసింది, రెండున్నర మూరల పొడవు, మూరన్నర వెడల్పు, లోపలా బయటా బంగారు రేకు. ఆ పెట్టెలో ఆజ్ఞలు చెక్కిన రాతి పలకలు. దానిమీద మేలిమి బంగారు మూత. ఆ మూత పేరు కరుణాపీఠం. ఏడాదికొక్కసారి ప్రధాన యాజకుడు బలిరక్తం తెచ్చి దానిమీద చిలకరించేవాడు. పలకల్ని బయట పారేసి కరుణకు చోటు చేయలేదు, చూడండి. ఆజ్ఞ అడుగున ఉంది, దాన్ని కప్పుకుని కరుణ పైన ఉంది. రోమీయులకు రాస్తూ పౌలు యేసుకు గ్రీకులో ఆ మూత పేరే పెట్టాడు. మన తెలుగు బైబిల్లో అక్కడున్న మాట ‘కరుణాధారము’.

ఒకడు చేసిన నేరానికి ఇంకొకడు శిక్ష అనుభవిస్తే అది న్యాయమెలా అవుతుందని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. గోపన్న కథలో బాకీ రావలసింది తానీషాకి, కట్టింది రాముడు. క్రైస్తవ విశ్వాసంలో మాత్రం బాకీ ఎవరికి రావాలో ఆయనే కట్టాడు. న్యాయపీఠం మీదున్నవాడే దిగివచ్చి బోనులో నిలబడ్డాడు. ముక్కూమొహం తెలియని మూడోమనిషిని పట్టుకొచ్చి బలి ఇచ్చిన కథ కాదిది. క్రైస్తవ వేదాంతి ఆన్సెల్మ్ 1098లో ముగించిన గ్రంథం సారం కూడా దాదాపు ఇదే: అప్పు మనిషిది, తీర్చే సత్తా దేవుడిది, అందుకే తీర్చేవాడు దేవుడూ మనిషీ కావలసి వచ్చింది.

మరి బాకీ తీరినవాడు ఆ తర్వాత ఏం చేయాలి? భద్రాచలం నుంచి గోదావరి వెంట ఎగువకు పోతే దుమ్ముగూడెం. నదిలో పడవల దారి కోసం పనులు చేయించిన కెప్టెన్ హేగ్, ఆయన కింద ఉద్యోగం చేసిన వెంకటరామరాజు 1860ల తొలినాళ్లలో కోయలకు సువార్త చెప్పడం మొదలుపెట్టింది అక్కడే. ఆ తర్వాత వచ్చిన జాన్ కెయిన్ కోయభాష నేర్చి లూకా సువార్తను అందులోకి తెచ్చాడు. పన్నులు వసూలు చేసే సుంకరి జక్కయ్య కథ ఉన్నది ఆ ఒక్క సువార్తలోనే. వానాకాలంలో సావుకారి దగ్గర బస్తా గింజలు తెచ్చుకుని, కోతలయ్యాక బస్తాన్నర కొలిచి ఇచ్చిన ఇళ్లకు ఆ సుంకరి ఎలాంటివాడో ఎవరూ వివరించనక్కర్లేదు. యేసు అతని ఇంటికి అతిథిగా వెళ్లాడు, తప్పుపడుతూ ఒక్క మాటా అనలేదు. జక్కయ్యే లేచి నిలబడి, ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఇంటికి రక్షణ వచ్చిందని యేసు చెప్పింది ఆ తర్వాతే. కనికరం దొరికినవాడు ముందు చేసిన పని లెక్కలు తీయడం.

మన ఏజెన్సీలో ఈ భాగం మీద ప్రసంగాలు తక్కువే వింటాం. 1/70 చట్టం వచ్చి యాభై ఏళ్లు దాటింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతికి మారకూడదు. అయినా కోయవాడి పేరు మీద కాగితం, వేరేవాడి చేతిలో నాగలి ఉన్న చేలు దారి పొడుగునా కనిపిస్తాయి. ఆ చేలగట్ల మీదుగానే చర్చికి వచ్చి, ప్రభువా కనికరించు అని పాడేవాళ్లూ ఉన్నారు.

ఈ ఆదివారం కానుక కవరులో పెట్టే ముందు ఒకసారి మీ బీరువా తెరిచి చూడండి. ఎవరి పట్టాదారు పాసుపుస్తకమో, ఎవరి ప్రామిసరీ నోటో అందులో ఉంటే, ముందు వాళ్లింటికి వెళ్లి ఇచ్చి రండి. ఆరాధనకు కాస్త ఆలస్యమైనా పరవాలేదు.