పంది రూపాయి మీద రంగులు

రాజమండ్రిలో ఒక బడిపంతులుకు పాత నాణేలంటే ప్రాణం. జీతం రాగానే ఇంటి ఖర్చులకు పక్కన పెట్టి, మిగిలినదాంట్లో ఏదో ఒక రూపాయో అర్ధణానో కొంటేగాని అతనికి నెల గడిచినట్టు ఉండేది కాదు. ఐదో జార్జి బొమ్మ ఉన్న వెండి రూపాయలు 1912 మొదలుకొని ఏడాది వరసన కూడబెట్టాడు. వరసలో మొట్టమొదటిది, 1911 నాటిది మాత్రం లేదు.

అది అంత తేలిగ్గా దొరికేది కాదు. ఆ ఏడు కలకత్తా, బొంబాయి టంకశాలల్లో తయారైన రూపాయి మీద రాజుగారి వేషంలో ఒక హారం ఉంటుంది, ఆ హారంలో బుల్లి ఏనుగు. తొండం పొట్టిగా పడడంతో అది ఏనుగులా కాక పందిలా కనిపించింది. జనం ఈసడించుకున్నారు. ముస్లింలకైతే పంది బొమ్మ ఉన్న నాణెం జేబులో వేసుకోవడమే అపచారం. సర్కారు విడుదల ఆపేసింది. సుమారు 94 లక్షల రూపాయలు ముద్రిస్తే జనం చేతికి వచ్చినవి 7 లక్షలే అంటారు, మిగతావి కరిగిపోయాయి. 1912లో ఏనుగును సరిదిద్దారు. అప్పటినుంచి 1911 నాటిదానికి పంది రూపాయి అనే పేరు స్థిరపడింది.

ఒకనాడు నాణేల వ్యాపారి పంతులుకు కబురు పెట్టాడు. వెళ్లి చూస్తే పంది రూపాయే. అయితే మామూలు పంది రూపాయి కాదు. రాజుగారి చెంప మీద నీలం, కిరీటం మీద ఊదా, అక్షరాల చుట్టూ నెమలికంఠం రంగు. దీపం కింద తిప్పితే వానాకాలం రోడ్డు మీద పెట్రోలు తెట్టులా మిలమిలలాడింది. వ్యాపారి అడిగిన ధర మామూలు పంది రూపాయికి నాలుగింతలు.

"ఇలాంటి రంగు మళ్లీ చూడరు మాస్టారూ. హైదరాబాదు నుంచి ఒకాయన ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. మీరు పాత మనిషని రేపు సాయంత్రందాకా ఆపుతాను," అన్నాడు.

ఆ రాత్రి పంతులుకు నిద్ర పట్టలేదు. భార్య చీటీ డబ్బు పాడుకుంటే సరిపోతుంది. అడగాలా వద్దా? తెల్లవారుతూనే వీధి చివర ముసలి కంసాలి దగ్గరికి పోయాడు. ఆయన ఆ వీధికంతటికీ తాత.

"తాతా, వెండికి అన్ని రంగులు వాటంతటవే వస్తాయా?"

తాత బదులు చెప్పలేదు. గూట్లోంచి ఒక అరిగిన 1919 రూపాయి తీశాడు. కోడిగుడ్డు ఉడకబెట్టమని మనవరాలితో చెప్పి, పచ్చసొన చిదిమి, దానికి తగలకుండా రూపాయిని పెట్టి డబ్బా మూత బిగించాడు. "కూర్చో" అన్నాడు.

కాసేపటికి మూత తీస్తే రూపాయి లేత బంగారు రంగుకు తిరిగింది. మళ్లీ మూశాడు. ఈసారి తీస్తే రాగి ఎరుపు. ఆ తరవాత ఊదా. మధ్యాహ్నానికి నీలం. పంతులు ఒళ్లు జలదరించింది. తను నిన్న రాత్రంతా తలపోసిన రంగే అది.

"గుడ్డు సొనలో గంధకపు ఆవిరి ఉంటుంది నాయనా. వెండిని అది పట్టుకుంటే పొర కడుతుంది. పొర పలచగా ఉంటే బంగారం రంగు, మందమయ్యేకొద్దీ ఎరుపు, ఊదా, నీలం. ఇంకా వదిలేస్తే చివరికి నలుపు. గాలిలోనూ ఆ ఆవిరి ఉంది, పాత కాయితంలోనూ ఉంది. గాలి ఏళ్ల తరబడి చేసే పనిని నేను పొద్దున్నుంచి చేశాను. రంగు ఎలా వచ్చిందో చూశావుగా. ఇప్పుడు పోయి ఆ రూపాయిని చూసిరా. ఇదిగో, కంటద్దం తీసుకుపో. త్రాసు కూడా."

పంతులు వెళ్లాడు. త్రాసులో రూపాయి తులం సరిగ్గా తూగింది. అసలుదే, నకిలీ కాదు. కంటద్దం పెట్టి చూస్తే నీలం పక్కన ఊదా గాని, ఎరుపు గాని, బంగారం గాని లేవు. నీలం ఎక్కడ ఆగిందో అక్కడే వట్టి వెండి మొదలైంది. రాజుగారి చెంప మీద ఒకే దిక్కుగా సన్నటి గీతలు, ఎవరో గుడ్డతో గట్టిగా రుద్దినట్టు. ఆ గీతల లోపల కూడా నీలమే. అంటే రుద్దడం ముందు, రంగు తరవాత. అంచు మీద పైభాగాన చిన్న గుండ్రని మచ్చ ఉంది. ఎప్పుడో ఎవరి హారంలోనో వేలాడిన రూపాయి. కొక్కెం ఊడదీసి, టంకం మచ్చను గీకి, దాని మీద కూడా రంగు పూశారు.

"ఈ ధరకు వద్దండీ. రంగు లేని ధర చెబితే ఆలోచిస్తా," అన్నాడు పంతులు.

వ్యాపారి మొహం చిన్నబోయింది. అతను మోసగాడు కాదు, తనూ మోజుపడి ఎక్కువకే కొన్నాడు. మారు మాట్లాడకుండా రూపాయిని లోపల పెట్టేశాడు.

కథ ఇక్కడితో అయిపోలేదు.

కొన్నాళ్లకు కోటిపల్లి వైపునుంచి ఒక కుటుంబం వచ్చింది. తాతగారి భోషాణంలో, కాయితంలో చుట్టి ఉన్న రూపాయిని అమ్మడానికి పంతులు దగ్గరికి తీసుకొచ్చారు. పంది రూపాయి. అంచున సన్నటి నీలం, దాని లోపల ఊదా, తరవాత రాగి ఎరుపు, బంగారం, నడుమ తెల్లటి వెండి. రంగు కనపడగానే పంతులు చేయి వెనక్కి తీసుకున్నాడు.

"ఇలాంటివి గుడ్డు సొనతో పూటలో చేస్తారమ్మా. నాకొద్దు."

ఆ ఇల్లాలు కళ్లనీళ్లు పెట్టుకుంది. మామగారు దాచిన వస్తువును దొంగసొత్తులా చూస్తే ఎవరికి మాత్రం బాధ ఉండదు? కాకినాడ నుంచి వచ్చిన ఒకాయన దాన్ని న్యాయమైన ధరకు కొనుక్కుపోయాడు.

ఆ రూపాయి సంగతి తాతకు ముందే తెలుసు. వాళ్లు తూకం కోసం మొదట ఆయన దగ్గరికే వెళ్లారు. మర్నాడు సాయంత్రం పంతులు కనపడగానే అడిగాడు:

"నిన్న కంటద్దం తీశావా?"

"లేదు తాతా."

"మరి గుడ్డు సొన అని ఎలా చెప్పావు?"

పంతులు దగ్గర జవాబు లేదు.

నీతి

ఈ కథ విన్నవాళ్లు సాధారణంగా మొదటి సగం పట్టుకుపోతారు: రంగుల నాణెం కనిపిస్తే జాగ్రత్త అని. నాకు రెండో సగమే ముఖ్యం. మొదటిసారి పంతులును చూడనివ్వకుండా చేయబోయింది మోజు, రెండోసారి చూడనివ్వనిది భయం. ఒకసారి మోసాన్ని తప్పించుకున్న మనిషి ప్రతి అందాన్నీ మోసమే అనుకుంటే, అతను నేర్చుకున్నది ఏమీ లేదు. ఒక కుటుంబాన్ని అవమానించాడు, వెతుక్కుంటూ వచ్చిన రూపాయినీ పోగొట్టుకున్నాడు.

అరుదైన నాణెం, దాని మీద అందమైన రంగు ఎదురైతే నేను పాటించే వరస ఒకటుంది. రంగును మనసులోంచి తుడిచేసి ముందు నాణెం ధర కట్టాలి. ఈ రూపాయి బూడిద రంగులో ఉంటే ఎంతిస్తాను? దానికి తూకం ఆధారం. బ్రిటిషు వారి వెండి రూపాయి 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం. అందులో పన్నెండింట పదకొండు పాళ్లు వెండి. అరుగుదల ఎంత, గీతలున్నాయా, కొక్కెం అతికిన ఆనవాలుందా చూడాలి. మన ఇళ్లలో ఈ చివరిది మరీ అవసరం. రూపాయల్ని మెడలో వేసుకున్న దేశం మనది. ఆ లెక్క కాయితం మీద రాసుకున్నాకే రంగు మీదికి చూపు పోనివ్వాలి.

అప్పుడు రంగుకు ఎంత అదనం ఇవ్వాలన్న ప్రశ్న. రంగులు వరస తప్పకుండా ఒకదాంట్లోకి ఒకటి జారుతున్నాయా, ఉబ్బెత్తు చోట్లా పల్లపు చోట్లా తేడా కనిపిస్తోందా, వెలుగులో తిప్పితే రంగు అడుగున వెండి మెరుపు ఇంకా తిరుగుతోందా, గీతల మీద రంగుందా, రంగు మీద గీతలున్నాయా. ఇవన్నీ చూసినా తేలనివి ఉంటాయి. అమెరికాలో 1986లో మొదలైన పీసీజీఎస్, 1987లో మొదలైన ఎన్‌జీసీ లాంటి సంస్థలు నాణేలకు గ్రేడు ఇవ్వడమే వృత్తిగా పెట్టుకున్నవి. రంగు మీద అనుమానం వస్తే అవి కూడా మామూలు గ్రేడు ఇవ్వకుండా అనుమానమనే రాస్తాయి. అలాంటప్పుడు రంగుకిచ్చే అదనం, తిరిగి రాకపోయినా ఇంట్లో ఎవరూ నష్టపోనంత ఉంటే చాలు. చీటీ పాట డబ్బు అందులోకి రాకూడదు. రేపు సాయంత్రందాకా అన్న గడువుకు లొంగి కొన్నవాళ్లలో, ఆ మర్నాడు నాణెం వంక ప్రశాంతంగా చూసుకోగలిగినవాళ్లు నాకు కనపడలేదు.

అయితే రంగు అదనపు ధరకు తగదని నేననను. కాయితంలో, చెక్కపెట్టెలో, గుడ్డసంచిలో ఏళ్ల తరబడి నిలిచి తెచ్చుకున్న రంగు ఒక సాక్ష్యం. ఆ రంగు కట్టడం మొదలయ్యాక ఈ నాణేన్ని ఎవరూ తోమలేదని, ఆమ్లంలో ముంచలేదని అది చెబుతుంది. మెరుపు కోసం రసాయనంలో ముంచినప్పుడల్లా నల్లపొరతోబాటు దాని కిందున్న వెండీ కొంత పోతుంది. అచ్చు పడిన నాటి నునుపు మళ్లీ రాదు. చింతపండుతో, విభూదితో వెండి సామాను తోమడం మన ఇళ్లలో పండగ పని. గిన్నెలకు అది మంచిదే. అదే చేత్తో పెట్టెలో దొరికిన తాతల రూపాయిని తోమి, అరగంటలో దాని విలువ సగం పోగొట్టిన ఇళ్లు కోస్తాలోనూ తెలంగాణలోనూ లెక్కకు మించి ఉంటాయి. భోషాణంలోని రూపాయి ఆ రంగుతో దొరకడమే ఒక అదృష్టం. పంతులు తలెత్తి చూడాల్సింది ఆ అదృష్టాన్నే.

మీ కళ్లే ఆధారమని అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. 1911 రూపాయికి నూరేళ్లు దాటాయి కనుక 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. ప్రైవేటు మనిషి దాన్ని దేశం దాటించడం నిషిద్ధం. అమెరికాకు పార్సిల్ చేసి గ్రేడు తెప్పించుకుందామంటే కుదరదు. కాబట్టి భూతద్దం, గ్రాములో నూరోవంతు చూపే చిన్న త్రాసు కొనుక్కుని, ముందు చవక రూపాయల మీద చేయి తిప్పుకోండి. 1918, 1919 నాటివి కోట్లలో అచ్చయ్యాయి. వాటిలో తోమినవీ, తోమనివీ పక్కపక్కన పెట్టి చూస్తే కంటికి తేడా త్వరగానే పడుతుంది.

ఇక అన్నీ చూసి, ధర కుదిరి, రంగు రూపాయిని ఇంటికి తెచ్చుకున్నారనుకోండి. పట్టుకోవడం అంచుల్ని మాత్రమే. పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టవద్దు, అవి కొన్నాళ్లకు ఆకుపచ్చ జిగురు వదులుతాయి. తేమ తగలని చోట సిలికా జెల్ పొట్లంతో దాచండి. శ్రావణ శుక్రవారం అమ్మవారి ముందు రూపాయి పెట్టాలని ఇంట్లో అడిగితే వేరే రూపాయి ఇవ్వండి. పంచామృతంలో మునిగాక తోమితే ఆ రంగూ పోతుంది, దాని కింద నూరేళ్లుగా దాగిన నునుపూ పోతుంది.