తావు దొరికిన ప్రాణులు

కదిలేది జంతువు, కదలనిది చెట్టు అని మనమంతా అనుకునే లెక్క సముద్రంలో చెల్లదు. స్పంజికలు, పగడాలు, ఓడల అడుగున పట్టే బార్నకిళ్లు, రాతిని కరుచుకున్న ఆల్చిప్పలు... ఇవన్నీ జంతువులే, పెద్దయ్యాక ఉన్నచోటు విడవవు. పద్దెనిమిదో శతాబ్దం నాటికి కూడా ఐరోపా పండితుల్లో చాలామంది పగడాన్ని మొక్కల్లోనే కలిపేవారు.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదుమహారాజుకు తన 24 మంది గురువుల గురించి చెబుతాడు. అందులో కొండచిలువ ఒకటి. ఉన్నచోటే ఉండి, వచ్చింది తిని, రానినాడు ఓర్చుకుంటుంది. గొప్ప పాఠమే. కానీ ఆ పాము చాటున ఎంత సోమరితనం దాక్కుందో! అంతా దేవుడే చూసుకుంటాడంటూ మంచం దిగని భక్తులు మనకు తెలియనివారేం కాదు. అవధూత గురువుల్లో సముద్రమూ ఉంది. దాని అడుగున ఉన్న స్పంజికను కూడా చూసి ఉంటే, కొండచిలువ పక్కన దాన్నీ కూర్చోబెట్టేవాడని నా ఊహ.

స్పంజికకు గుండె, మెదడు, నరాలు లేవు. ఒళ్లంతా రంధ్రాలే. లోపలి గదుల్లోని కణాలు తమ సన్నని తోకలను రేయింబవళ్లు ఆడిస్తూ నీటిని లోపలికి లాగుతాయి. అందులోని సూక్ష్మజీవులు ఆహారమవుతాయి, మిగిలిన నీరు పై రంధ్రం గుండా వెళ్లిపోతుంది. అలా ఒక్క రోజులో దాని ఒంట్లోంచి పారే నీరు దాని పరిమాణానికి కొన్ని వేల రెట్లు. పైకి మాత్రం చలనం కనబడదు. అకర్మలో కర్మను చూడగలగాలని గీత నాలుగో అధ్యాయం చెప్పే మాటకు ఇంతకన్నా స్పష్టమైన వ్యాఖ్యానం నాకు దొరకలేదు. జపానికి కూర్చున్నవాణ్ణి చూసి పనిలేనివాడనుకునే ముందు ఆ కణాలను తలచుకోవాలి.

అసిడియన్ అనే మరో సముద్రజీవి కథ ఇంకా లోతైనది. పెద్దయ్యాక అది రాతికి అంటుకుని నీళ్లు చిమ్మే ఒక సంచి. పిల్లగా ఉన్నప్పుడు మాత్రం తోకకప్ప రూపం. తోకలో ఊతకడ్డీ, నరాల తీగ, వెలుతురును పసిగట్టే కంటిచుక్క అన్నీ ఉంటాయి. ఆ కడ్డీ సంగతి 1866లో జీవశాస్త్రజ్ఞుడు కోవలెవ్‌స్కీ బయటపెట్టాకే అది వెన్నెముక జీవులకు చుట్టమని లోకానికి తెలిసింది. ఈ పిల్ల ఏమీ తినదు, వెతకడమే దాని పని. తావు దొరకగానే తలవైపు నుంచి అతుక్కుంటుంది. తోక, కంటిచుక్క, నరాల్లో చాలా భాగం లోపలే కరిగిపోతాయి. కూర్చోగానే మెదడును తినేసిందని పాశ్చాత్యులు హాస్యమాడతారు. అది సగమే నిజం. కూర్చున్న బతుక్కి తగిన మరో నరాల ముడి దానికి ఏర్పడుతుంది. పోయింది వెతికే సాధనమే.

మనుషుల్లోనూ ఇలా తావు కోసం వెతికినవారున్నారు. బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతి శాస్త్రి ఎన్నో క్షేత్రాల్లో తపస్సు చేశారు. 1907 నవంబరులో అరుణాచలం మీది విరూపాక్ష గుహకు వెళ్లి, అక్కడి యువకుడి పాదాలు పట్టుకుని, ఇంత జపం చేసినా తపస్సంటే ఏమిటో తెలియలేదని వాపోయారు. నేను అనే తలపు ఎక్కడ పుడుతోందో గమనిస్తే మనసు అక్కడే అణుగుతుందని, అదే తపస్సని ఆయనకు దొరికిన జవాబు సారం. ఆ యువకుడు 1896 సెప్టెంబరు 1న అరుణాచలం చేరి, 1950 ఏప్రిల్‌లో దేహం విడిచేదాకా దాన్ని వీడలేదు. ఆయనకు రమణ మహర్షి అని పేరుపెట్టింది శాస్త్రిగారే.

అంతమాత్రాన అందరూ అరుణాచలంలోనే ఉండిపోవాలని కాదు. ఓడకు అతుక్కున్న బార్నకిల్ సముద్రాలు దాటుతుంది, తన తావు మాత్రం వదలదు. గణపతి శాస్త్రి స్థైర్యం ఆ జాతిది. జవాబు దొరికాక కూడా ఆయన ఊళ్లు తిరుగుతూనే ఉన్నారు. 1936లో ఖరగ్‌పూర్ దగ్గరి నింపురలో దేహం చాలించారు.