ఐదో కారణం

నా కుడిచేతి ఉంగరపు వేలికి పై కణుపు లేదు. పందొమ్మిదో ఏట ఒక రేకుల షెడ్డులో ప్రెస్సు కింద పోయింది. పరామర్శకు వచ్చిన పెద్దలందరిదీ ఒకటే మాట: "కొండంత గండం గోటితో పోయిందిరా, అంతా దైవనిర్ణయం." అమ్మ మాత్రం ఏమీ అనలేదు. అన్నం కలిపి ముద్దలు పెట్టింది. పెద్దలు నన్ను ఓదార్చడానికే అన్నారని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. అయినా ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది. ఆ ప్రెస్సును నా వేలి మీదికి దించింది దైవమేనా?

తర్వాత ఐటీఐలో షీట్‌మెటల్ నేర్పే ఉద్యోగం దొరికింది. ఒకరోజు ఒక కుర్రాడు నా చేతినే చూస్తూ, "సార్, బ్లాక్ సబ్బాత్ అని ఇంగ్లండు బ్యాండు ఉంది. అందులో గిటారు వాయించే ఆయనకీ వేళ్లు ఇలాగే పోయాయి. ఆయనదీ రేకుల ఫ్యాక్టరీయే" అన్నాడు. ఇయర్‌ఫోను ఒకటి నా చెవిలో పెట్టాడు. అలా పరిచయమయ్యాడు టోనీ అయోమి.

1965. బర్మింగ్‌హామ్. అయోమికి పదిహేడేళ్లు. ఫ్యాక్టరీలో వెల్డరు. ఒక బ్యాండుతో యూరప్ వెళ్లడానికి పని మానేశాడు, ఆ రోజే ఆఖరు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, ఇక తిరిగి వెళ్లనన్నాడు. తల్లి ఒప్పుకోలేదు, వెళ్లి పని సరిగ్గా ముగించి రమ్మంది. వెళ్లాడు. ప్రెస్సు నడిపే మనిషి ఆ రోజు రాకపోవడంతో దాని ముందు ఇతన్ని నిలబెట్టారు. కుడిచేతి మధ్య వేలు, ఉంగరపు వేలు కొసలు పోయాయి. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి గిటారు తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే.

ఆ తల్లి చెప్పింది ధర్మమే. మన ఇళ్లలోనూ అదే చెబుతాం. మరి కర్మ లెక్క కడితే ఆ మాటను ఎవరి ఖాతాలో రాయాలి? ఆ రోజు పనిలోకి రాని మనిషిని ఏ ఖాతాలో వేయాలి? ఆ రోజు ఎవరూ పాపం చేయలేదు. వేళ్లు మాత్రం పోయాయి.

వాయించడం ఇక మరిచిపొమ్మన్నారు డాక్టర్లు. ఇంట్లో కుమిలిపోతున్న కుర్రాడి దగ్గరికి ఫ్యాక్టరీ మేనేజరు ఒక రికార్డు పట్టుకొచ్చాడు. వినను అన్నా వినిపించాడు. విన్నాక చెప్పాడు, వాయించినాయనకు ఎడమచేతిలో రెండు వేళ్లు పనిచేయవని. ఆయన జాంగో రైన్‌హార్ట్. 1928లో అగ్నిప్రమాదంలో చెయ్యి కాలితే, మిగిలిన వేళ్లతో కొత్త బాణీ కట్టుకున్నవాడు.

అప్పుడు అయోమి చేసింది ఒక పనివాడు చేసే పని. గిన్నెలు తోమే సబ్బుద్రవం ప్లాస్టిక్ సీసాను కరిగించి ఉండ చేశాడు. వేలు పట్టేలా దానికి వేడి ఇనుముతో బెజ్జం పెట్టి, గరుకు కాగితంతో అరగదీశాడు. పైన పాత జాకెట్టు తోలు ముక్క అంటించాడు. మామూలు తీగలు నొప్పి పెడుతుంటే సన్నటి బాంజో తీగలు ఎక్కించాడు. తొడుగు కింద తీగ తగలడం తెలియదు. ఎంత నొక్కాలో చెవి చెప్పాల్సిందే. 1971లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లో కొన్ని పాటలకు శ్రుతినే మూడు స్వరస్థానాలు దించేశాడు. తీగ వదులైంది, వేలికి సులువైంది, నాదం బరువెక్కింది. ఈనాడు హెవీ మెటల్ అంటున్న సంగీతంలో ఆ బరువు ఉంది.

1970 ఫిబ్రవరి 13న వచ్చిన మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట బ్యాండు పేరు మీదే ఉంటుంది. మూడు స్వరాలు. రామమందిరంలో భజనలకు హార్మోనియం వాయించేవాణ్ని కనుక నాకు అవి వెంటనే అందాయి: షడ్జం, పైషడ్జం, ప్రతి మధ్యమం. ఆ మధ్యమానికీ షడ్జానికీ ఉన్న దూరాన్ని ఐరోపా సంగీత పండితులు సాతాను పేరుతో పిలిచారు. పాట వింటే ఒళ్లు జలదరిస్తుంది, నిజమే. ఈ బ్యాండును సాతాను భక్తులని చాలామంది తిట్టారు. వాళ్ల మెడలో వేలాడింది శిలువలు. పాటలు రాసిన గీజర్ బట్లర్ క్యాథలిక్ ఇంట్లో పుట్టినవాడు. అదే ప్రతి మధ్యమం మన కల్యాణి రాగానికి ప్రాణం. పేరులోనే మంగళం ఉన్న రాగం అది. అక్కడ భయం, ఇక్కడ శుభం, స్వరం ఒక్కటే. దయ్యం అన్న మాట దైవానికి వికృతి అని బడిలో చదువుకున్నాం. ఈ రెంటినీ తెచ్చి ఒక స్వరంలోనో ఒక యంత్రంలోనో కూర్చోబెట్టడం మనకు అలవాటు.

నా ప్రశ్నకు దారి గీత పద్దెనిమిదో అధ్యాయంలో దొరికింది. ఏ పని జరగడానికైనా ఐదు కారణాలని అక్కడ లెక్కపెట్టారు: ఆధారం, కర్త, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. దైవం లేదనలేదు. మొదటి నాలుగింటినీ దాటేసి దాని దగ్గరికి పరిగెత్తమనీ అనలేదు. అయోమి కథలో ఆధారం ఆ తెగిన వేళ్ల చెయ్యి. కర్త పదిహేడేళ్ల పిల్లవాడు. సాధనాలు సీసా, తోలు, సన్నటి తీగ. ప్రయత్నాలు లెక్కలేనన్ని. ఇక దైవాన్ని చూపించమంటే నేను ప్రెస్సును చూపించను, రికార్డు చంకలో పెట్టుకుని తలుపు తట్టిన ఆ మేనేజరును చూపిస్తాను. అంత గొప్ప సంగీతం వచ్చింది కదా, వేళ్లు పోవడమే మేలైంది అనేవాళ్లతో నేను ఏకీభవించలేను. అలా అంటే ప్రెస్సుకు దండం పెట్టినట్టే.

దీన్ని ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఉంది. నేను వేలు పోగొట్టుకున్న ప్రెస్సుకు ఒక్క పెడలే ఉండేది. కాలు తగిలితే చాలు, దిగేది. రెండు చేతులూ రెండు బటన్లు నొక్కితేనే దిగే ఏర్పాటు ఉంటే చెయ్యి లోపల ఉండే వీలే లేదు. దైవనిర్ణయం అని చేతులు దులుపుకున్న చోట ఆ రెండో బటన్ ఎవరూ పెట్టరు. ప్రతి ఏడూ కొత్త బ్యాచికి మొదటి పాఠంగా ముందు నా వేలు చూపించేవాణ్ని, తర్వాత ఆ రెండు బటన్లు.

2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్కులో బ్లాక్ సబ్బాత్ తొలి సభ్యులు నలుగురూ చివరిసారి కలిసి వాయించారు. గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ నిలబడలేక సింహాసనంలో కూర్చుని పాడాడు. పదిహేడు రోజులకే కన్నుమూశాడు. మొదటి ఆల్బమ్ నుంచి చివరిదాకా బ్యాండును ఏనాడూ వదలనిది అయోమి ఒక్కడే. ఆ సాయంత్రమూ ఆయన వేళ్లకు తొడుగులున్నాయి.

శనివారం భజనలో కల్యాణి ఎత్తుకుంటే ప్రతి మధ్యమం మెట్టు నా మొండి వేలి కిందికే వస్తుంది. అక్కడ చర్మానికి స్పర్శ సరిగా తెలియదు. చెవి పెట్టి వింటూ నొక్కుతాను.